రేకుల షెడ్డు పక్కన కరెంటు: ఎర్తింగ్, బాండింగ్ ఎలా చేయాలి?

కవిటి, కంచిలి వైపు కొబ్బరి తోటల్లో, రణస్థలం, చీపురుపల్లి చుట్టుపక్కల పొలాల్లో ఇప్పుడు ఎటు చూసినా ఇనుప గొట్టాల మీద జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకులు వేసిన షెడ్లే. ఎరువు బస్తాలు, గడ్డి కోసే మిషను, జీడిపిక్కల సంచులు, పశువులు అన్నీ అందులోనే ఉంటాయి. షెడ్డు లేచాక ఇంటి నుంచి ఒక వైరు లాగుతారు. బయట గుంజకి ఒక ప్లగ్గు, మోటారుకి ఒక స్టార్టర్ డబ్బా బిగిస్తారు. ఎదురుగా తడి నేల, కాళ్లకి చెప్పులు ఉండవు, చెయ్యి ఇనుప స్తంభం మీద ఉంటుంది. ఎక్కడో ఒక్క వైరు ఒలిచిపోయిందంటే షెడ్డు మొత్తం కరెంటు తీగ అయిపోతుంది.

అలాంటి చోట ఎర్తింగ్ ఎలా ఉండాలో వరసగా చెప్తాను. గొయ్యి తవ్వడం, కాలువ తీయడం, పెయింట్ గీకడం మీరే చేసుకోవచ్చు. కనెక్షన్లు మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. కరెంటు స్తంభం మీద పని డిపార్ట్‌మెంటు లైన్‌మ్యాన్‌దే, అక్కడ ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. ఏం చేయించాలో, ఏం అడగాలో మీకు తెలిస్తే పని సరిగ్గా జరిగిందో లేదో మీరే చూసుకోగలరు.

ముందు ఒక చిన్న లెక్క

"ఎర్త్ గొయ్యి ఉంది కదా, షాక్ వస్తే ఫ్యూజు పోతుంది" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ధీమా ఎంతవరకు నిజమో చూడండి.

మన పల్లెల్లో కరెంటు స్తంభం నుంచి ఇంటికి మామూలుగా ఫేజు (కరెంటు తెచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగి తీసుకెళ్లే తీగ) రెండే వస్తాయి. ఎర్తు మనమే వేసుకుంటాం. ఫేజు వైరు షెడ్డుకి తగిలితే ఆ కరెంటు మన ఎర్త్ పైపులోంచి మట్టిలోకి దిగి, మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తుకి చేరాలి. దారిలో కరెంటుకి ఎదురయ్యే అడ్డుని ఓమ్‌లలో కొలుస్తారు. మన ఎర్తు 20 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్‌ది 3 ఓమ్‌లు అనుకుందాం. 230 వోల్టులని 23తో భాగిస్తే పారేది 10 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడి సప్లై తెంచే స్విచ్) అది మామూలు లోడే, ఎన్ని గంటలైనా పడదు. ఈలోపు షెడ్డు మీద 200 వోల్టులు నిలబడి ఉంటాయి.

ఖర్చు పెట్టి ఎర్తుని 5 ఓమ్‌లకి దించారనుకోండి. అప్పుడు దాదాపు 29 ఆంపియర్లు పారతాయి. సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ తక్షణం పడాలంటే కనీసం 80 ఆంపియర్లు కావాలి. 29కి అది మెల్లగా వేడెక్కి, నిమిషం దాటాక ఎప్పుడో పడుతుంది. అంతసేపూ షెడ్డు మీద 140 వోల్టుల పైనే ఉంటుంది. మనిషి పోవడానికి ఒక్క సెకను చాలు.

ఈ లెక్కని మార్చేది ఆర్‌సీసీబీ అనే ఇంకో రకం స్విచ్. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది నిరంతరం చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే, అంత తేడా కనబడగానే 0.3 సెకన్ల లోపు సప్లై కట్ చేస్తుంది. ఎర్తు 100 ఓమ్‌లు ఉన్నా, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి షెడ్డు మీద కనబడేది 3 వోల్టులే. అందుకే ఎర్త్ గొయ్యి, ఆర్‌సీసీబీ, షెడ్డు ఇనుముని ఎర్తుతో కలపడం అనే ఈ మూడూ ఒకే పని అనుకోండి. డబ్బు తక్కువైతే ముందు ఆర్‌సీసీబీ కొనండి, రెండో ఎర్త్ గొయ్యి తర్వాత తవ్వుకోవచ్చు.

ఏ ఇనుముని కలపాలి, దేన్ని వదిలేయాలి

షెడ్డు చుట్టూ ఒకసారి నడవండి. బయట బిగించిన ప్లగ్గు, స్టార్టర్ డబ్బా, మోటారు, వాటి దగ్గర ఒక చేత్తో ఒకటి, రెండో చేత్తో ఇంకొకటి ముట్టుకోగలిగిన ఇనుమంతా కాగితం మీద రాసుకోండి. చేతికందే దూరం అంటే లెక్కకి 2.5 మీటర్లు. షెడ్డు స్తంభాలు, రోలింగ్ షట్టర్, ఇనుప ట్యాంకు స్టాండు, జీఐ నీళ్ల పైపు, బోరుకి ఇనుప కేసింగ్ ఉంటే అది కూడా ఆ జాబితాలోకి వస్తాయి. వీటన్నిటినీ ఒకే ఎర్తుకి కలపడమే బాండింగ్. అన్నీ కలిసి ఉంటే, లోపం వచ్చిన ఆ క్షణంలో కూడా వాటి మధ్య వోల్టేజీ తేడా పెద్దగా ఉండదు. స్టార్టర్ డబ్బా ఒక ఎర్తు మీద, షెడ్డు ఇంకో ఎర్తు మీద ఉంటే, రెండిటినీ ఒకేసారి పట్టుకున్న మనిషి ఒంట్లోంచే కరెంటు దారి వెతుక్కుంటుంది.

షెడ్డులో కరెంటే లేకుండా, సప్లై పాయింటు కూడా చేతికందనంత దూరంలో ఉంటే ఆ షెడ్డుని ఎర్తుకి కలపనక్కర్లేదు. అలాగే షెడ్డుకి ఆనుకుని పొడవైన ముళ్ల కంచె ఉంటే దాన్ని కలపకండి, విడదీయండి. రెండిటి మధ్య ఒక చెక్క గుంజ పెట్టి, తీగ షెడ్డుకి తగలకుండా ఖాళీ వదలండి. లేకపోతే షెడ్డు దగ్గర లోపం వస్తే ఆ కరెంటు కంచె వెంట పక్క పొలం దాకా పోతుంది. షెడ్డు స్తంభానికి కట్టిన బట్టల తీగని ఈరోజే విప్పేసి నైలాన్ తాడు కట్టండి.

కొందరికి పొలం మోటారుకి వ్యవసాయ సర్వీసు, షెడ్డులో లైట్లకి ఇంటి సర్వీసు, రెండూ ఒకే చోటికి వస్తాయి. అప్పుడు రెండు సర్వీసుల ఎర్తులనీ షెడ్డు దగ్గర కలపాలి. న్యూట్రళ్లు మాత్రం ఎప్పటికీ కలవకూడదు.

వైరు ఎలా తేవాలి

షాకుల్లో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. రేకు అంచు మీంచి వైరు వేస్తే గాలికి ఊగి ఊగి కోసుకుపోతుంది. ఇంటి నుంచి షెడ్డుకి ఆర్మర్డ్ కేబుల్‌ని (ఇనుప తొడుగు ఉన్నది) భూమిలో వేయించండి. 750 మి.మీ. లోతు కాలువ తీసి, అడుగున ఇసుక పరిచి, కేబుల్ వేసి, మళ్లీ ఇసుక పోసి, పైన ఇటుకలు వరసగా పేర్చి మట్టి కప్పండి. ఇటుకల పైన హెచ్చరిక టేపు పరిస్తే రేపు కొబ్బరి మొక్క కోసం పార దింపేవాడి ప్రాణం నిలుస్తుంది. షెడ్డులోకి ఎక్కే చోట పీవీసీ పైపులోంచి తేవాలి, పైపు నోట్లోకి నీళ్లు దిగకుండా మూయాలి.

కేబుల్ ఇనుప తొడుగు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇంటి వైపు దాన్ని ఇత్తడి గ్లాండ్‌తో బిగించి ఎర్తుకి కలపాలి. రెండు చివరలా కలిపితే ఇంటి ఎర్తు, షెడ్డు ఎర్తు ఒకటైపోతాయి. మంచిదే, కానీ ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోతే అక్కడి గీజరులో వచ్చిన లోపం ఇక్కడ షెడ్డు స్తంభం మీద తేలుతుంది. కాబట్టి ముందు ఇంటి మెయిన్‌లో ఆర్‌సీసీబీ పెట్టించి, ఆ తర్వాతే రెండు చివరలూ కలపండి. సప్లై వచ్చే ఇల్లు మీది కాక, అక్కడ ఏముందో మీ చేతుల్లో లేకపోతే, తొడుగుని ఆ చివరే ఎర్తుకి కలిపి, షెడ్డు వైపు ఏ ఇనుముకీ తగలకుండా టేపు చుట్టి వదిలేయమనండి. అప్పుడు షెడ్డు తన సొంత ఎర్తు మీదే ఉంటుంది.

షెడ్డు దగ్గర డబ్బా

వాన పడినా, సముద్రపు గాలి తగిలినా తట్టుకునే ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, ఐపీ65 అని రాసి ఉంటుంది. ఇనుప డబ్బా కన్నా ఇక్కడ ఇదే నయం. అందులో ఫేజు, న్యూట్రల్ రెండిటినీ ఒకేసారి తెంచే డబుల్ పోల్ ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఆర్‌సీసీబీ మీద ఐఎస్ 12640 గుర్తు చూసి తీసుకోండి. త్రీ ఫేజ్ మోటారుకి నాలుగు పోల్స్‌ది కావాలి. ఇంటి మెయిన్‌లో కూడా పెట్టిస్తుంటే అక్కడ 100 మిల్లీ ఆంపియర్ల, కాస్త ఆలస్యంగా పడే ఎస్ రకం పెట్టించండి. షెడ్డులో తడి తగిలి ఇక్కడిది పడినప్పుడు ఇల్లంతా చీకటి కాదు.

ఆర్‌సీసీబీ తర్వాత న్యూట్రల్ ఎక్కడా ఎర్తుకి తగలకూడదు. తగిలితే ఆర్‌సీసీబీ నిలబడదు, మాటిమాటికీ పడిపోతుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు "ఇది మన ఊళ్లకి పనికిరాదు" అని తీసేసి డైరెక్ట్ ఇస్తారు. వర్షాకాలంలో సబ్‌మెర్సిబుల్ మోటారు వల్ల పడుతుంటే కూడా అదే మాట. దయచేసి ఒప్పుకోకండి. అది పడుతుందంటే కరెంటు ఎక్కడో బయటికి కారుతోందన్న మాట. మోటారు విప్పి చూపించండి, కేబుల్ జాయింటు మార్పించండి. ఒక్కొక్క లైను తీసి చూస్తే ఏది పడగొడుతోందో అరగంటలో తేలుతుంది. ఆర్‌సీసీబీ తీసేయడానికి మాత్రం సరైన కారణమంటూ లేదు.

ఎర్త్ గొయ్యి

ఎర్తింగ్‌కి మన దేశ ప్రమాణం ఐఎస్ 3043, 2018లో సవరించారు. పైపు ఎర్తుకి 40 మి.మీ. వ్యాసం, కనీసం 2.5 మీటర్ల పొడవు ఉన్న జీఐ పైపు తీసుకోండి. గోడ పునాదికి కనీసం 1.5 మీటర్ల దూరంలో దించాలి. పశువులు కట్టే వైపు వద్దు. లోపం వచ్చినప్పుడు ఎర్త్ పైపు చుట్టూ నేల మీదే వోల్టేజీ పరుచుకుంటుంది. ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఆవుకి మనకన్నా ముందు దెబ్బ తగులుతుంది.

ఎన్ని ఓమ్‌లు వస్తాయన్నది నేలని బట్టి ఉంటుంది. 40 మి.మీ. పైపు 2.5 మీటర్లు దించితే తేమ ఉన్న బంకమట్టిలో 10 ఓమ్‌ల దగ్గరికి రావచ్చు. మామూలు నేలలో 30 దాటుతుంది. ఉద్దానం ఇసుకలో పైన పొర ఎండిపోతే 300 కూడా చూడొచ్చు. విజయనగరం వైపు ఎర్ర మెట్ట నేలల్లో వానాకాలం కొలతకీ మే నెల కొలతకీ పొంతన ఉండదు. కాబట్టి తేమ ఉండే చోటు వెతకండి. బోరు నీళ్లు పారే కాలువ పక్కన, ట్యాంకు పొంగిన నీళ్లు ఇంకే చోట, గెడ్డ వైపు పల్లంలో దించితే ఫలితం బాగుంటుంది. లోతుకి పోతే ఇంకా మంచిది, ఎండాకాలంలో కూడా తడి ఆరని పొర దాకా పైపు వెళ్లాలి. రెండో పైపు వేస్తే మొదటి దానికి కనీసం 5 మీటర్ల దూరంలో వేయండి. దగ్గర దగ్గరగా వేస్తే ఖర్చు రెట్టింపు అవుతుంది కానీ ఫలితం రాదు.

ఉప్పు, బొగ్గు పొరలుగా వేయడం మన దగ్గర పాత పద్ధతి, పని చేస్తుంది. అయితే ఉప్పు వానకి కరిగి జారిపోతుంది, పోతూ పోతూ పైపుని తినేస్తుంది. బారువ, కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో నేలలో, గాలిలో ఉప్పు ముందే ఉంది. అక్కడ ఇంకా ఉప్పు పోయడం నాకు నచ్చదు. బెంటొనైట్ మట్టి కలిపి పోస్తే తేమ పట్టి ఉంచుతుంది, ఇనుముని అంతగా తినదు. పైపు తల మీద చిన్న ఇటుక గది కట్టి మూత పెట్టించండి. బోల్టు కనబడాలి, విప్పగలగాలి, ఎండాకాలంలో ఒక బిందెడు నీళ్లు పోయగలగాలి. సిమెంటు కింద పూడ్చేసిన ఎర్తుని మళ్లీ ఎవరూ పరీక్షించలేరు.

షెడ్డుని కలపడం

ఎర్త్ పైపు నుంచి షెడ్డు గోడ దాకా మట్టిలో నడిచే భాగానికి 25×6 మి.మీ. జీఐ పట్టీ వేయించండి. అక్కడ నేల పైన ఒక ఎర్త్ బార్ బిగించి, అన్ని తీగలూ దానికే రావాలి. ప్లగ్గు, స్టార్టర్, మోటారు, ఒక్కోదానికి సొంత ఆకుపచ్చ-పసుపు తీగ ఉండాలి. షెడ్డు ఇనుముకే ఎర్తు ఉంది కదా అని మోటారు ఒంటిని స్తంభానికి తగిలించి వదిలేయకండి. నట్లు తుప్పు పడితే ఆ దారి ఎప్పుడు తెగిందో ఎవరికీ తెలియదు.

బార్ నుంచి షెడ్డు స్తంభానికి కనీసం 6 చదరపు మి.మీ. రాగి తీగ కావాలి. ఏదైనా తగిలే చోట్ల దెబ్బ తినకుండా దాన్ని పైపులోంచి తీయండి. స్తంభానికి ఎలా కలిపారన్నదే ఇక్కడ అసలు పని. వెల్డింగ్ వాళ్లు షెడ్డు కడుతున్నప్పుడే స్తంభం అడుగున, నేలకి ఒక అడుగు పైన, 10 మి.మీ. బోల్టు వెల్డ్ చేయించుకోండి. షెడ్డు ముందే ఉంటే రంధ్రం వేసి బోల్టు బిగించండి. బోల్టు కూర్చునే చోట పెయింటు, తుప్పు మెరిసే ఇనుము కనబడేదాకా గీకాలి. టిన్ పూత ఉన్న రాగి లగ్‌ని తీగకి క్రింప్ చేసి, పళ్ల వాషరు వేసి గట్టిగా బిగించి, పైన గ్రీజు గానీ పెట్రోలియం జెల్లీ గానీ పూయండి. ఉత్త రాగి, జీఐ నేరుగా కలిసిన చోట తడి తగిలితే జీఐ పూత త్వరగా పోతుంది, తీరంలో మరీ త్వరగా.

ఒక్క స్తంభానికి కలిపితే చాలా? అన్నీ వెల్డింగ్ చేసిన షెడ్డు అయితే దాదాపు చాలు. బోల్టులతో బిగించినదైతే ఎదురు మూల స్తంభానికి కూడా ఇంకో తీగ వేయండి. రంగు పూసిన రేకు, రబ్బరు వాషర్లతో బిగించిన స్క్రూలు అన్ని చోట్లా ఇనుముకి తగులుతున్నాయని నమ్మకండి, మల్టీమీటరుతో చూడండి. బార్ నుంచి ఏ మూలకైనా, ఏ రేకుకైనా 1 ఓమ్ లోపు చూపించాలి. ఎక్కువ చూపించిన రేకుని విడిగా కలపండి. షట్టర్‌కి మోటారు ఉంటే దాని పట్టాలకి మెత్తటి అల్లిక తీగతో కలపాలి.

పరీక్షించకుండా డబ్బులు ఇవ్వకండి

ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, "చూడండి, వెలిగింది, ఎర్తు బాగుంది" అనడం మామూలే. ఎర్తు 100 ఓమ్‌లు ఉన్నా ఆ బల్బుకి 190 వోల్టుల పైనే అందుతుంది, బాగానే వెలుగుతుంది. ఆ పరీక్ష జరుగుతున్నంతసేపు ఎర్త్ తీగ మీద 35 వోల్టుల పైనే ఉంటుంది. పైగా ఆర్‌సీసీబీ తర్వాత పెడితే వెలగకుండా సప్లై పడిపోవాలి. వెలిగిందంటే ఆర్‌సీసీబీ పని చేయడం లేదనే అర్థం.

సరైన కొలత ఎర్త్ టెస్టర్‌తో. రెండు మేకులు దూరంగా పాతి, ఎర్త్ తీగని విప్పి కొలుస్తారు. విప్పే ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. వైర్ల ఇన్సులేషన్‌ని 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తే కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి. ఆర్‌సీసీబీని టెస్టర్‌తో పరీక్షించి, ఎన్ని మిల్లీ సెకన్లలో పడిందో రాయించుకోండి, 300 దాటకూడదు.

ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్‌ని నెలకోసారి నొక్కండి, పడాలి. కానీ ఆ బటన్ లోపలి యంత్రాన్నే పరీక్షిస్తుంది. ఎర్త్ తీగ ఎలుకలు కొరికేసినా, గోతిలో తుప్పు పట్టి తెగిపోయినా ఆ బటన్ నొక్కితే పడుతూనే ఉంటుంది. కాబట్టి ఏడాదికోసారి ఎర్త్ టెస్టర్ రావాల్సిందే. మే నెలలో, నేల బాగా ఎండి ఉన్నప్పుడు కొలిపించండి. అప్పుడు సరిపోతే మిగతా నెలల్లో ఇంకా బాగుంటుంది.

చేయకూడనివి, తుఫాను రోజులు

న్యూట్రల్‌నే ఎర్తుగా వాడకండి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే, ఇంట్లో వెలుగుతున్న బల్బు గుండా ఫేజు వచ్చి షెడ్డు మీద కూర్చుంటుంది. దానికి తిరగేసిన పని ఇంకోటి ఉంది. న్యూట్రల్ లేనప్పుడు ఫేజు ఒక్కటే తెచ్చి, ఎర్త్ పైపుని న్యూట్రల్‌గా వాడి లైట్లు వెలిగించడం. ఆ పైపు చుట్టూ నేల ఎప్పుడూ కరెంటుతోనే ఉంటుంది, ఆ పక్కనుంచి పిల్లలు నడుస్తారు.

షెడ్డుకి ఎర్తు వేసినంత మాత్రాన పిడుగు నుంచి కాపాడదు. ఉరుములు మొదలైతే షెడ్డు స్తంభాలకి ఆనుకోకండి, మోటారు ముట్టుకోకండి.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చాక మన జిల్లాల్లో తీగలు, స్తంభాలు ఎలా పడిపోయాయో అందరం చూశాం. తుఫాను తర్వాత సప్లై ఇచ్చేముందు షెడ్డు మెయిన్ ఆఫ్ చేసి ఉంచండి. లైను తీగ ఏదైనా రేకు మీద పడి ఉంటే దగ్గరికి పోవద్దు, పశువుల కోసం కూడా. మనం వేసుకున్న ఎర్తు 11 వేల వోల్టుల లైనుకి సమాధానం కాదు. 1912కి ఫోన్ చేసి, లైన్‌మ్యాన్ వచ్చి ఆపాడని చెప్పేదాకా అందరినీ దూరంగా ఉంచండి. నీళ్లు నిండిన డబ్బాలు, మోటార్లు ఆరాక, మెగ్గర్‌తో చూశాకే ఆన్ చేయాలి.

జనరేటర్ తెస్తే ఫేజు, న్యూట్రల్ రెండూ మార్చే చేంజోవర్ స్విచ్ లేకుండా కలపకండి. మీ జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వెనక్కి ఎక్కి లైను మీదికి పోతే, తీగలు కడుతున్న లైన్‌మ్యాన్ చనిపోతాడు. ఇంకొకటి: చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ దేనికీ కలిపి ఉండదు. ఆ స్థితిలో షెడ్డులో లోపం వచ్చినా ఆర్‌సీసీబీకి తెలియదు. జనరేటర్ దగ్గరే, చేంజోవర్‌కి ముందు, దాని న్యూట్రల్‌ని దాని ఒంటికీ ఎర్త్ బార్‌కీ కలిపించి, ఆ సప్లై మీద ఆర్‌సీసీబీ పడుతుందో లేదో టెస్టర్‌తో చూపించుకున్నాకే మోటారు వేయండి.